వార్నిష్ దిద్దు నీడలు

హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అను పుస్తకము ప్రకటించి పెద్దలకు సైతము యోగ్యమనిపించిన బొమ్మ సైనికుల క్రీడయందు, నేడు 28 మిల్లీమీటర్ల యోధులను నూర్లకొలది నిలుపువారికి యుద్ధముకంటె రంగులు వేయుటయే దుష్కరమగుచున్నది. నేనును ఆ వ్యసనమునకు లోబడినవాడనే గనుక, కవచపు సందులలోను వస్త్రపు ముడుతలలోను కుంచెమొనతో నీడలు దిద్ది దిద్ది కన్నులలసిన పిదప, బల్లలకును కుర్చీలకును పూయు రంగు వార్నిష్‌ను ఆశ్రయించితిని.

ఈ ఉపాయము నాది కాదు. అమెరికాలోని బొమ్మ సైన్యాధిపతులు మిన్‌వాక్స్ వారి పాలీషేడ్స్ అను వడ్రంగపు వార్నిష్‌ను చిరకాలముగా ఇందులకు వాడుచున్నారు. డెన్మార్కునకు చెందిన ఆర్మీ పెయింటర్ సంస్థ ఇట్టి ద్రవమునే క్విక్‌షేడ్ అను పేర మూడు ఛాయలలో డబ్బాల కెత్తినది. పరిమాణమును బట్టి చూచినచో, వడ్రంగి కొను డబ్బా చిన్న సీసాలలో వచ్చు ఛాయాద్రవముకంటె మిక్కిలి చౌక.

యాక్రిలిక్ వర్ణములు పూర్తిగా ఆరినచో ఈ నూనె వార్నిష్‌కు కరగవు. కావున ప్రతిమను అందులో ముంచియో, కుంచెతో దట్టముగా పూసియో, అధికమైనదానిని విదిలించి నిలువున ఉంచినచో, ఉబ్బెత్తు భాగములనుండి జారిన ద్రవము పల్లములలో చేరి, పలుచనైనచోట లేతగాను చిక్కనైనచోట ముదురుగాను కనబడును. వెలుగు పైనుండి పడును, వార్నిష్ క్రిందికి జారును; అందుచేత భూమ్యాకర్షణము దిద్దిన నీడ సూర్యుడు దిద్దు నీడకు ఇంచుమించు సరిపోవును. ప్రతిమను తలక్రిందుగా ఆరబెట్టినచో ఈ సఖ్యము చెడును.

అయినను ఇది సోమరుల విద్య యని తలపరాదు. వార్నిష్ సమస్త వర్ణములను ముదురుచేయును గనుక, కోరినదానికంటె ఒక మెట్టు ప్రకాశవంతమైన రంగును ముందే వేయవలయును. గడ్డము క్రిందను పాదముల చుట్టును నిలిచిన మడుగులను ఆరకమునుపే పొడి కుంచెతో తీసివేయవలయును. ఒక దినము ఆరిన పిదప మ్యాట్ వార్నిష్ చల్లి నూనె వార్నిష్ మిగిల్చిన మిలమిలను అణచవలయును. ముఖమనియు పాదరక్ష యనియు వార్నిష్ ఎరుగదు. తెల్లని వస్త్రమును సైతము మట్టిరంగు చేయును. కావున బారులు తీరిన పదాతులకు ఇది చాలును గాని, అందరి చూపు నిలుచు సేనానికి కుంచెయే శరణ్యము. పదాతులయొద్ద మిగిలిన కాలమంతయు ఆ ఒక్క ముఖమునకు వెచ్చింపగలుగుటయే, డబ్బాపై మిగిలిన సొమ్ముకంటె, ఈ చౌకవిద్యవలన నేను పొందిన అధిక లాభమని యెంచుచున్నాను.