దూలం వెనక తేమ

క్లీవ్‌లాండ్ పక్కన షేకర్ హైట్స్‌లో ఉన్న మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు గేటు దగ్గరే ఆగి అడుగుతారు, ఈ దూలాలు అంత పాతవా అని. కావు. అసలవి దూలాలే కావు. సిమెంటు పూత మీద మేకులతో కొట్టిన అంగుళం మందం చెక్క పలకలు. ఇంటి బరువు మోసేది లోపలి చట్రం. బయట కనిపించేదంతా ట్యూడర్ ఇంటి వేషం.

అసలు ట్యూడర్ ఇళ్ళు ఇంగ్లండులో 1485 నుంచి 1603 వరకు ఏలిన ఆ పేరుగల రాజవంశపు కాలానివి. వాటికి ఓక్ దూలాలే అస్థిపంజరం. దూలానికీ దూలానికీ మధ్య ఖాళీలో తడిక అల్లి, దాని మీద మట్టి మెత్తేవారు. మన పల్లెల్లో తడిక గోడ చూసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. చెషర్‌లోని లిటిల్ మోర్టన్ హాల్‌కి పైఅంతస్తులో పొడుగాటి వసారా గది ఒకటి తర్వాత కలిపారు. దాని మీద పరిచిన రాతి పలకల కప్పు బరువుకి ఇల్లంతా వంకర తిరిగింది. నిజమైన దూలం వంగుతుంది గానీ నిలబడుతుంది. మా పలకలు వంగవు, వెనక నుంచి కుళ్ళుతాయి.

ఈ వేషం అమెరికాకి ఎక్కువగా పాకింది 1920లలో. షేకర్ హైట్స్‌ని వేసిన వాన్ స్వెరింజెన్ సోదరులు ఇంగ్లీషు, ఫ్రెంచి, కొలోనియల్ అని మూడే బాణీలు ఒప్పుకున్నారు. ఇంటి రంగుల మీదా వాళ్ళకి పట్టింపే. 1925లో దస్తావేజుల్లో ఇంకో షరతు చేర్చారు. ఇల్లు అమ్మాలంటే వాళ్ళ కంపెనీ సమ్మతి గానీ ఇరుగుపొరుగుల సమ్మతి గానీ ఉండాలి. నల్లవాళ్ళనీ యూదుల్నీ కాథలిక్కుల్నీ బయట ఉంచడానికి అది పనికొచ్చింది. అప్పట్లో మావాళ్ళు కొనడానికి వచ్చుంటే ఏ జవాబు వచ్చేదో ఊహించడం కష్టం కాదు. ఇప్పుడు ఆ గోడల మంచిచెడ్డలు చూసుకునేది నేను.

రంగు గురించి ముందు చెప్పేస్తాను. ట్యూడర్ అనగానే తారులాంటి నలుపు, సున్నంలాంటి తెలుపు అంటారు. ఇంగ్లండులో చాలాచోట్ల ఓక్‌ని ఎండకీ వానకీ వదిలేసేవారు, అది బూడిద రంగుకి తిరిగేది. ఆ కాటుక నలుపు ఎక్కువగా పంతొమ్మిదో శతాబ్దపు మోజు. అందుకే పలకలకి ముదురు వక్క రంగు, పూతకి మీగడ రంగు వేయించాను. వేషం వేసుకున్న ఇల్లయినా ముఖానికి మరీ అంత రంగు పూయనక్కర్లేదు.

అసలు పని రంగు కంటే ముందుంది. అడ్డంగా కొట్టిన ప్రతి పలకకీ పైఅంచు ఒక చిన్న అరుగు. వాన అక్కడ నిలుస్తుంది, మంచు అక్కడ కరుగుతుంది. నీరు పలకకీ పూతకీ మధ్య సందులోకి దిగుతుంది. ఒహాయో చలికాలంలో అది గడ్డకట్టి ఉబ్బుతుంది, కరుగుతుంది, మళ్ళీ గడ్డకడుతుంది. ముందువైపు రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే మెత్తగా లోపలికి పోతుంది. ఇది చూసి చాలామంది నాలుగు వైపులా సీలెంట్ పెట్టించేస్తారు. అంతకంటే చెరుపు లేదు. లోపలికి ఎలాగోలా పోయిన నీటికి ఇక బయటికి దారుండదు. పైఅంచుని ఏటవాలుగా చెక్కి, దాని మీద పల్చటి రాగి రేకు మడిచి పెట్టాలి. కింది అంచుని వదిలేయాలి. కొత్త పలకకి మేకు కొట్టకముందే వెనకా ముందూ, కోసిన చివరలకీ ప్రైమర్ పట్టించాలి. వెనకవైపు ఎవరికీ కనబడదు గదా అని పనివాళ్ళు నవ్వారు.

ఇటుకలదీ ఇదే కథ. పాత మెత్తటి ఇటుకల సందుల్లో గట్టి సిమెంటు నింపితే, తేమ సందులోంచి పోలేక ఇటుకలోంచే పోతుంది. గడ్డకట్టినప్పుడు ఇటుక ముఖమే ఊడి వస్తుంది. సున్నం ఎక్కువ కలిపిన మెత్తటి గచ్చే అక్కడ పనికొస్తుంది. సీసం కడ్డీల కిటికీలు పీకేసి తెల్ల ప్లాస్టిక్ కిటికీలు పెట్టించేవాళ్ళ గురించి నేను మాట్లాడను.

అమ్మ వేసవికి వచ్చినప్పుడు ఇంటి చుట్టూ ఒక చుట్టు తిరిగి, "గోడకి ఆనించి చెట్లు పెట్టుకుంటారుట్రా ఎవరన్నా?" అంది. ఏళ్ళ తరబడి ఎవరూ గట్టిగా కత్తిరించని యూ చెట్లవి. నడుం ఎత్తున ఉండాల్సినవి కిటికీలు మింగేశాయి. గోడకి ఎండా గాలీ తగలకుండా చేశాయి. యూలో ఒక సుగుణం ఉంది: మొద్దు దాకా నరికినా ముదురు కొమ్మ నుంచే మళ్ళీ చిగురిస్తుంది, చాలా పైన్ జాతులకి ఆ శక్తి లేదు. అయితే గింజా ఆకూ విషం, పిల్లలున్న ఇంట్లో ఆ జాగ్రత్త ఉండాలి. గోడకి మరీ దగ్గరవి పీకించాం, మిగిలినవి సగానికి కొట్టించాం. గోడని పట్టిన ఐవీ తీగని మొదలు దగ్గర కోసి ఎండనిచ్చాం. పచ్చిగా లాగితే గచ్చు కూడా వెంట వస్తుంది. నేలని గోడ నుంచి బయటికి వాలేలా సర్దించాం. మొదటి పది అడుగుల్లో ఆరంగుళాల వాలు అనేది ఇక్కడి కట్టడాల నియమం. ఇంతా చేసి ఒక్క పువ్వు కూడా నాటలేదు, ఇల్లు అప్పుడే తేలికపడింది.

తోట ఎలా ఉండాలో చూడాలంటే ఏక్రన్‌లోని స్టాన్ హైవెట్‌కి వెళ్ళాలి. గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ పెట్టిన సైబర్లింగ్ 1912 నుంచి 1915 వరకు కట్టించిన ట్యూడర్ బాణీ భవనం, 65 గదులది. వారెన్ మ్యానింగ్ వేసిన ఆవరణలో ఎలెన్ బిడిల్ షిప్‌మన్ తీర్చిన ఇంగ్లీష్ గార్డెన్‌కి చుట్టూ గోడ ఉంటుంది. లోపలికి వెళ్తే పైకప్పు లేని గదిలో ఉన్నట్టు ఉంటుంది. ఇంటి ముందు పూలు పరిచి ఊరికి చూపించే పద్ధతి కంటే నాకు ఇదే నచ్చింది. అందుకే ముందు పచ్చిక, వంపు తిరిగిన ఇటుక బాట మాత్రం ఉంచి, తోటనంతా వెనక్కి పట్టుకెళ్ళాం.

వెనక మళ్ళకి బాక్స్‌వుడ్ అంచు కట్టాలని మొదట అనుకున్నాం. 2011 నుంచి ఈ దేశంలో దానికి బ్లైట్ తెగులు పట్టుకుంది, అందుకని ఇంక్‌బెర్రీ హాలీ వేశాం. ఆ అంచుల మధ్య అమ్మ గోంగూర జల్లింది. కొంపలు మునిగినట్టేమీ లేదు. ట్యూడర్ కాలపు తోటల్లోనూ పూలమొక్కల పక్కనే వంటకీ మందుకీ వాడే ఆకులు పెంచేవారు. ఇంటి ముందువైపు మార్పులకి ఊరి ఆర్కిటెక్చరల్ బోర్డుకి డ్రాయింగులు ఇచ్చి అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. కాకర పందిరికి అమ్మని ఎవరూ అడగలేదు. గోడకి బారెడు ఎడంగా వేయించుకుంది.