ఓడిన ఎనిమిది ఆటలు ఎక్కడ?

1970 నవంబరు 14న అమెరికాలో, వెస్ట్ వర్జీనియాలోని హంటింగ్టన్ ఊరి దగ్గర విమానం కూలి 75 మంది చనిపోయారు. వాళ్లలో 37 మంది మార్షల్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు. (మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట.) మరుసటి ఏడు ఆ జట్టు మళ్లీ నిలబడిన కథే 2006లో వచ్చిన 'వి ఆర్ మార్షల్' సినిమా.

మొదటి ఏడాది విద్యార్థులు పెద్ద జట్టులో ఆడకూడదని అప్పటి నియమం. మార్షల్‌కి దాన్ని సడలించారు. కొత్త కోచ్ జాక్ లెంగ్యెల్ పిల్లల్ని పోగుచేసే ఘట్టాలు చాలా బాగున్నాయి. కబడ్డీకి ఏడుగురు చాలక కింది తరగతి తమ్ముళ్లని బతిమాలుకునే మా బడివాళ్లకి అవి ఇట్టే అర్థమవుతాయి.

సినిమాలో కొడుకుని పోగొట్టుకున్న ఒక తండ్రి ఆట వద్దంటాడు. మొండివాడు అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆయన బాధలో న్యాయముంది. ఇంత తొందరగా ఎందుకు? సినిమా దీనికి సరిగా బదులివ్వదు. జేవియర్ జట్టుమీద ఆఖరి క్షణంలో 15–13తో గెలిచిన ఆట చూపించి, ఇదే జవాబు అన్నట్టు ముగింపుకి వచ్చేస్తుంది.

నిజానికి 1971లో వాళ్లు ఆడిన 10 ఆటల్లో గెలిచింది రెండే. రెండోది బౌలింగ్ గ్రీన్ మీద, 12–10తో. జేవియర్ తర్వాతి ఆటలేవీ తెరమీద ఆడించలేదు. వరసగా ఓడుతున్నా ఆ పిల్లలు మళ్లీ మైదానానికి ఎలా వచ్చారో చూపిస్తే ఆ తండ్రికి జవాబు దొరికేది. ఆ రోజు విమానం ఎక్కని సహాయ కోచ్ రెడ్ డాసన్ 1971 సీజన్ కాగానే కోచింగే మానేశాడు. నాకు ఆయన కథ ఇంకాస్త చూడాలనిపించింది.