రామదాసు అర్జీ - రైతు బాకీ

భక్తి కవిత్వం అనగానే మన అభ్యుదయ విమర్శ రెండు ముద్రలు సిద్ధంగా ఉంచుకుంటుంది: పలాయనవాదం, భూస్వామ్య భావజాలం. కొన్నేళ్ళ కిందట ఒక సాహిత్య సభలో భద్రాచల రామదాసు గురించి మాట్లాడుతూ నేనూ ఆ రెండు ముద్రలూ వేసి కూర్చున్నాను. సభ ముగిశాక ఒక విద్యార్థి వచ్చి, "మరి ఆ కీర్తనలు ఊరూరా భజనల్లో ఇన్నాళ్ళు ఎందుకు బతికాయండీ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే ఆ కీర్తనలను మళ్ళీ చదివాను.

నేలకొండపల్లి కంచెర్ల గోపన్న గోల్కొండ సర్కారు ఉద్యోగి, పాల్వంచ పరగణా తహసీల్దారు. చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా (1672-1687) దగ్గర చక్రం తిప్పిన అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. శిస్తు వసూలును ఇజారాకిచ్చే రాజ్యం అది. ఖజానాకు చేరే సొమ్మూ, మధ్యవాళ్ళ లాభమూ రెండూ రైతు గాదె నుంచే రావాలి. ఆ సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించినందుకు గోపన్న గోల్కొండ కోటలో బందీ అయ్యాడు. 12 ఏళ్ళని సంప్రదాయం చెబుతుంది.

దేవుడి కోసం తపించే యాత్రికుడు కాళ్ళకు పని చెబుతాడు. రామదాసు కాళ్ళకు సంకెళ్ళు పడ్డాయి. కనుక అతని యాత్ర అంతా గొంతుతోనే సాగింది. ఆ గొంతుది దర్బారు భాష. స్వామికి నేరుగా చెబితే వినడం లేదు కాబట్టి, సమయం చూసి నా మాట చెప్పమని సీతమ్మను వేడుకుంటాడు. కచేరీలో అర్జీ కదలాలంటే లోపలి మనిషి సిఫార్సు కావాలని తహసీల్దారుకు తెలియనిదా? భక్తుడు కట్టుకున్న పరలోకం కూడా తానెరిగిన పాలనా వ్యవస్థ నమూనాలోనే ఉంటుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

అయితే ఇక్కడితో ఆగితే మళ్ళీ పాత తప్పే చేసినవాణ్ణవుతాను. ఇదే రామదాసు మరో కీర్తనలో ఏ నగకు ఎంత ఖర్చయిందో పద్దు విప్పి, ప్రభువునే నిలదీస్తాడు. ఎవరి సొమ్మని అనుభవిస్తున్నావని అడుగుతాడు. వెంటనే, దెబ్బలకు తాళలేక నోరు జారానని క్షమాపణ చెప్పుకుంటాడు. ఆ తిట్టూ, ఆ భయమూ రెండూ నిజమే. దొర ముందు నోరెత్తలేని మనిషికి, దేవుడంతటివాణ్ణి లెక్క అడగవచ్చన్న ధైర్యం ఆ పాటలో దొరికింది. విద్యార్థి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే. ప్రార్థనలో లొంగుబాటు ఒక్కటే వినే విమర్శకుడు సగమే విన్నట్టు.

మరి పరిమితి ఎక్కడ? పద్దులో ఉంది. పతకం ఉంది, పచ్చలు ఉన్నాయి, మొహరీల లెక్క ఉంది. శిస్తు కట్టిన రైతు మాత్రం నేను చదివిన కీర్తనల్లో ఎక్కడా కనిపించడు. రైతులే ఇష్టపడి ఇచ్చారనే కథలూ ఉన్నాయి. ఇచ్చారనే అనుకుందాం. అప్పుడు ఎవరి సొమ్మన్న ప్రశ్న మరింత పదునెక్కాలి కదా! రామలక్ష్మణులు వచ్చి తానాషాకు పైకం చెల్లించారని ఐతిహ్యం. సుల్తానుకు బాకీ ముట్టింది, భక్తుడికి విడుదల దొరికింది. రైతుకు ఏం ముట్టిందో కథ చెప్పదు.

చెరసాలలో దెబ్బ తిన్న అధికారి బాధను పాటగా మలచగలిగాడు. తన కచేరీ ముందు నిలబడిన మనిషి బాధ మాత్రం అతని పాటలోకి రాలేదు. రామదాసు నుంచి మన రచయితలు నేర్చుకోవలసింది ప్రభువును నిలదీసే ఆ గొంతు. పూర్తి చేయవలసింది ఆ పద్దు. ఈ రెండు పనులూ చేయకుండా ముద్రలు వేయడం తేలిక. ఆ తేలిక పని నేనూ చేశాను కనుకనే ఇది రాస్తున్నాను.