కార్లో కుర్తీ: అరువు వేషము, అసలు నాదము

1880 సంవత్సరారంభమున స్పెయిను దేశమునుండి న్యూయార్కు నగరమునకు ఒక వాద్యబృందము వచ్చెను. దాని పేరు 'ఎస్తుదియాంతీనా ఫిగరో'. అందలి వాదకులు పూర్వకాలపు విద్యార్థుల వేషమున, నల్లని దుస్తులతోను, మోకాళ్లవరకే ఉండు లాగులతోను రంగమెక్కి బందూరియా అను తీగవాద్యమును మీటుచుండిరి. ప్రజలు వారిని 'స్పానిష్ విద్యార్థులు' అని పిలిచి విశేషముగా ఆదరించిరి. దక్షిణ ఇటలీనుండి వలసవచ్చి ఆ నగరమున జీవించుచున్న కార్లో కుర్తీ అను ఫిడేలు విద్వాంసుడు ఈ ఆదరణమును గమనించెను. ఆయన తనవలెనే వలసవచ్చిన ఇటాలియను వాదకులను కొందరిని కూడగట్టి, వారిచే అట్టి వేషమే వేయించి, తామే స్పానిష్ విద్యార్థులమని చాటించి ప్రదర్శనములిప్పించెను. అయితే వారి చేతులలో ఉన్నది బందూరియా కాదు, మాండొలిన్. చూచువారికి ఆ భేదము తెలియలేదు.

ఇది మోసమా కాదా యని తర్కించుటకు అవకాశము లేదు. మోసమే. పరదేశమునకు వచ్చిన వాదకునకు పేరొక్కటియే మూలధనము. దానిని మరియొకడు వాడుకొనినచో అతడు నష్టపోవును. విమర్శకుడు ఈ మాట చెప్పకుండ దాటిపోరాదు. కాని యిచ్చటనే ఆగిపోయినచో అతడు తీర్పు చెప్పినవాడగునే గాని, సంగీతమును గూర్చి ఏమియు చెప్పినవాడు కాడు. వేషము అరువుదైనను, వాద్యము అరువుది కాదు. ఆ కథలో ముఖ్యమైనదంతయు ఈ చిన్న భేదమునందే యున్నది.

బందూరియాకు ఆరు జంటల తీగలుండును. అవి ఒకదానికొకటి నాలుగవ స్వరపు దూరమున శ్రుతి చేయబడును. మాండొలినుకు నాలుగు జంటలు మాత్రమే. వాని శ్రుతి సరిగా ఫిడేలు శ్రుతియే. కావున ఫిడేలు నేర్చినవాని యెడమచేతి వ్రేళ్లకు మాండొలిన్ మీది స్వరస్థానములు ముందే తెలిసియుండును. కమాను విడిచి మీటు పట్టుటయే అతడు నేర్వవలసినది. ఫిడేలుకు వ్రాసిన స్వరలిపి యంతయు మార్పు లేకుండ అతనికి పనికివచ్చును. ఫిడేలు తెలియనివారికి సయితము ఒక సౌకర్యము కలదు: మెట్లుండుటచే శ్రుతి తప్పు భయము తక్కువ. మీటిన తీగ నాదము త్వరగా అణగిపోవును గనుక, దీర్ఘస్వరము కావలసినప్పుడు మీటును అతివేగముగా క్రిందికిని మీదికిని కదల్పవలెను. ఆ కంపమే మాండొలిన్ గొంతు.

దక్షిణ ఇటలీలో వీజ్జానో వంటి కొండయూళ్లనుండి హార్పును ఫిడేలును భుజమున వేసుకొని దేశదేశములు తిరిగిన పేద వాదకులకు లెక్కలేదు. అట్టి జీవనమునకు పెద్ద రంగశాల యెంతో, వీథి మలుపును అంతే. కుర్తీ కూర్చిన బృందమును ఈ నేపథ్యమున చూచినచో, ఆ స్పానిష్ వేషము కొంత దొంగతనముగను, కొంత పొట్టకూటి యుపాయముగను కనబడును. ఇటలీవారిని చులకనగా చూచిన నగరములో వారు తమ పేరున పిలిచినచో రాని జనము, మరియొకరి పేరున పిలిచినచో వచ్చిరి. వచ్చినవారు విన్నది మాత్రము ఇటలీ వాద్యమునే.

ఆ విన్నవారిలో కొందరికి తామును వాయింపవలెనను కోరిక పుట్టెను. ఆ దశాబ్దమునందును, అటుపిమ్మటను అమెరికాలో కళాశాలలయందును చిన్న పట్టణములయందును మాండొలిన్ సంఘములు వెలసెను. 1898లో ఆర్విల్ గిబ్సన్ తన నూతన మాండొలిన్ నిర్మాణమునకు హక్కుపత్రము పొందెను. 1902లో ఆయన పేర కలమజూ పట్టణమున సంస్థ యేర్పడెను. ఆ మోజు తగ్గిపోయిన తరువాత సయితము, 1923లో ఆ సంస్థలో తయారైన మాండొలినును చేతబట్టి బిల్ మన్రో 'బ్లూగ్రాస్' అను నూతన జానపదరీతికి రూపమిచ్చెను. ఇదంతయు కుర్తీ ముందుగా ఊహించెననుట ఆయనకు లేని దూరదృష్టిని అంటగట్టుట. ఆయన యెరిగినది ఆనాటి టిక్కెట్ల అమ్మకము. (ఇల్లు మారుట ఈ వాద్యమునకు అలవాటే. పాలకొల్లు శ్రీనివాస్ నాలుగు జంటల స్థానమున అయిదు ఒంటి తీగలు బిగించి, విద్యుత్ మాండొలినుపై కర్ణాటక రాగములను పలికించినప్పుడు దాని జన్మస్థలమును ఎవరు తలచిరి?)

స్వరకర్తగా కుర్తీ స్థానము చిన్నది. 'లా తీపికా' అను పోల్కా ఆయన రచనలలో మిక్కిలి ప్రచారము పొందినది. అది రెండు మాత్రల నృత్యగతిలో నడచు చక్కని సభారంజకము. అంతకుమించి దానిపై బరువు మోపరాదు. మాండొలిన్ నేర్వగోరువారికై ఆయన ఒక బోధినియు వ్రాసెను. కాని ఆయన నిజమైన రచన కాగితముపై లేదు. ఏ వాద్యమునకు ఏ వాద్యము తోడైన జనము నిలిచి వినునో, ఏ వేషము ఆ నాదమునకు అమరునో, ఆ కూర్పులోనే ఆయన ప్రతిభ యంతయు ఉండెను. దానిని స్వరకల్పన కాదనువారు, వాద్యమేళము స్వరములంత సహజముగా ఒదుగుననుకొనువారు.

దీనికి నిదర్శనము మెక్సికోలో దొరకును. ఆ దేశమునకు పోయి కార్లో 'కార్లోస్' అయ్యెను. 1884లో మెక్సికో నగరమున ఆయన 'ఓర్కెస్తా తీపికా మెహికానా' అను బృందమును నెలకొల్పెను. ఫిడేళ్లతోపాటు సాల్తేరియో, బందొలోన్, గిటారు మున్నగు వాద్యములు అందు చేరెను. వాదకులకు ఆ దేశపు అశ్వికుల వేషమైన చారో దుస్తులు తొడిగించెను. గ్రామముల పాటకు సభామర్యాద కల్పించిన ఈ బృందమును మెక్సికో తన జాతీయసంగీతముగా చూపుకొనెను. తరువాతి కాలమున మరియాచీ వాదకులు ధరించిన వేషమునకు ఇదియే పూర్వరూపమని తలచువారును కలరు. ఒక జాతి తన ముఖమును ఒక పరదేశి పట్టిన అద్దములో చూచుకొనుట వింతయే; చూచుకొని ఔననుట ఇంకను వింత. జాతీయకళ మట్టినుండి దానంతట అది మొలచుననువారు ఈ యుదంతమును తొందరపడి తోసివేయకుందురు గాక.

అటుపిమ్మట ఆ బృందమును వెంటబెట్టుకొని కుర్తీ అమెరికాకు తిరిగి వచ్చెను. కొన్నియేండ్లకు ముందు ఇటాలియనులను స్పానియార్డులుగా చూపినవాడు ఇప్పుడు మెక్సికనులను మెక్సికనులుగానే రంగమెక్కించెను. జనము మరల టిక్కెట్లు కొనిరి. ఈసారి వేషము వేసినవారు ఆ దేశమువారే. చేతులలోని సాల్తేరియో, బందొలోన్ వారివే. ముందు నిలిచి బృందమును నడపినవాడు మాత్రము ఇటలీవాడు.