అడుగు మడ్డి

మా మేనల్లుడు బీరు సీసాని నెమ్మదిగా గ్లాసులోకి వంచుతూ, అడుగున రెండు వేళ్ల మందం ఉండగానే ఆపేశాడు. "అదెందుకురా, పారబోస్తావా?" అన్నాను. "లేదత్తయ్యా, నాక్కావలసింది అదే" అని సీసాని కిటికీ వెలుతురుకి ఎత్తి చూపించాడు. గంధం తీశాక సాన మీద మిగిలే పూతలా, సీసా అడుగున పలచటి తెల్లని పొర.

కాలిఫోర్నియాలో వాడి దగ్గర ఆరు నెలలున్నాను. వాడు ఇంట్లోనే బీరు కాచుకుంటాడని వెళ్లాకే తెలిసింది. మనసు చివుక్కుమంది. పెదకాకానిలో పుట్టి పెరిగినదాన్ని, 'కాయడం' అంటే నాకు సారానే గుర్తొస్తుంది. సారాతో పాటు ఆ సారా తాగొచ్చిన మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్ల మొహాలు గుర్తొస్తాయి. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు మా స్టాఫ్ రూములో ఎంత సంబరపడ్డామో! నేను చుక్క ముట్టను, ముట్టాలని లేదు కూడా. కానీ ఆ తెల్లని పొర నన్ను వదల్లేదు. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం పాఠం చెప్పాను. ఈస్ట్ కణానికి మొగ్గ తొడిగినట్టు బోర్డు మీద బొమ్మ గీశాను. పిల్లల కళ్లెదుట దాన్ని పెంచి చూపించింది మాత్రం ఒక్కసారీ లేదు.

అమెరికాలో 1978లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంటి అవసరానికి బీరు కాచుకోవడం ఫెడరల్ ప్రభుత్వం దృష్టిలో నేరం కాకుండా పోయింది. మా వాడు మడ్డి తీసింది సియెర్రా నెవాడా పేల్ ఏల్ సీసాలోంచి, చికో అనే ఊళ్లో 1980 నుంచి కాస్తున్న బీరు. దాన్ని సీసాకెత్తాక కూడా అందులో ఈస్ట్ బతికే ఉంటుంది. సీసాలోనే మిగిలిన తీపిని తిని గ్యాసు పుట్టించి, పని అయ్యాక అడుక్కి చేరి పడుకుంటుంది. మన దగ్గర సీసాల్లో అమ్మే బీరు చాలావరకు వడగట్టి, వేడి చేసి నింపినది. అందులో తీయడానికి ప్రాణమున్నది ఏదీ ఉండదు.

వాడు చేసిన పని దగ్గర కూర్చుని చూశాను. మూడు సీసాలు నాలుగు రోజులుగా ఫ్రిజ్‌లో నిలబెట్టే ఉన్నాయి, ఈస్ట్ పూర్తిగా దిగాలని. మూత తీయకముందే మెడ చుట్టూ స్పిరిట్ దూదితో తుడిచాడు, తీశాక సీసా మూతిని లైటర్ మంట మీద తిప్పాడు. ముందురోజు రాత్రే మొలకెత్తిన బార్లీతో చేసిన మాల్ట్ పొడిని నీళ్లలో కలిపి, పావుగంట మరిగించి చల్లార్చి పెట్టుకున్నాడు. వంద మిల్లీలీటర్ల నీళ్లకి ఐదు గ్రాముల పొడే. "ఇంత పలచగానా?" అంటే, "సీసాలో నెలల తరబడి పస్తున్నవి అత్తయ్యా. ఒక్కసారిగా చిక్కటిది పెడితే తట్టుకోలేవు" అన్నాడు. లంఖణం చేసి లేచినవాడికి ముందు జావ పోస్తాం కదా, అలాగే. ఉత్త పంచదార నీళ్లు చాలవట. ఈస్ట్ ఒళ్లు పెరగడానికి తీపితో పాటు నత్రజని, ఖనిజాలు కావాలి. అవి మాల్ట్‌లో ఉంటాయి.

ఆ నీళ్లు సీసాలో పోసి, అడుగు కదిలేలా తిప్పి, మూతికి అల్యూమినియం కాగితం వదులుగా చుట్టాడు. అటు వెళ్లినప్పుడల్లా ఒకసారి, ఇటు వచ్చినప్పుడల్లా ఒకసారి సీసాని గిరగిరా తిప్పడమే పని. రెండు రోజులు ఏమీ కనిపించలేదు. మూడో రోజు పొద్దున అంచున సన్నటి నురగ, అడుగున పొర కాస్త మందంగా. బాగున్న సీసాలదంతా ఒక జాడీలోకి చేర్చి అర లీటరు చేశాడు, ఆ తర్వాత రెండు లీటర్లు. పది రెట్లకి మించి ఒక్కసారిగా పెంచకూడదంటాడు. గుప్పెడు ఈస్ట్‌ని పెద్ద పాత్రలో వేస్తే, అది తేరుకునేలోపు గాలిలో తిరిగే మరో సూక్ష్మజీవి ఆ తీపిని ఆక్రమిస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా వాసన చూశాడు. బ్రెడ్డు వాసన, పండు వాసన వస్తే ఉంచేవాడు. ఒక సీసా వినెగర్ వాసనేసింది, మారుమాట లేకుండా సింకులో పోశాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కళ్ల ముందు మా నాయనమ్మ తరవాణి కుండ.

వంటింటి ఈశాన్యం మూల మట్టి కుదురు మీద ఉండేది. రోజూ అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్లు అందులో పోసేది. కాస్త ఉప్పు, రెండు దబ్బాకులు. పొద్దున్నే చద్దన్నంలో ఆ పుల్లటి తేట పోసి, ఉల్లిపాయ నంజుకోమని ఇచ్చేది. మిరప కోతలకి వెళ్లే కూలీలకూ అదే. మధ్యాహ్నం దాకా దాహం వేయదనేవాళ్లు. అది మత్తు కాదు, పెరుగు లాంటి పులుపు. వారానికొకసారి కుండ కడిగే రోజున నాయనమ్మ ముందుగా ఒక చెంబెడు తరవాణి తీసి పక్కన పెట్టేది. కుండ కడిగి, ఎండలో పెట్టి, తెచ్చి కుదురు మీద పెట్టాక మొట్టమొదట ఆ చెంబు ఒంపేది. గంజి ఆ తర్వాతే. మేం పిల్లలం ఆ చెంబు ముట్టుకుంటే ఊరుకునేది కాదు.

మా తాతయ్య పోయినప్పుడు మైల కుండలన్నీ తీసి పారేశారు. తరవాణి కుండ కూడా పోయింది. పన్నెండో రోజు దాటాక నాయనమ్మ కొత్త కుండ తెప్పించింది. చెంబు పట్టుకుని మూడిళ్ల అవతలికి వెళ్లి తరవాణి అడిగి తెచ్చుకుంది. ఆ ఇంటావిడ కాపురానికొచ్చిన కొత్తలో మా ఇంటినుంచే మొదటి చెంబు తీసుకెళ్లిందట. అందుకే నాయనమ్మ అడగడానికి మొహమాట పడలేదు. చెంబు మీద కొంగు కప్పుకుని తిరిగి రావడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

డెన్మార్క్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ పెట్టిన జాకబ్సన్ కూడా చెంబు పట్టుకెళ్లినవాడే. 1845లో మ్యూనిక్ వెళ్లి అక్కడి స్పాటెన్ బీరు తయారీదారు దగ్గర ఈస్ట్ అడిగి తెచ్చుకున్నాడు. గుర్రబ్బండి ఆగిన ప్రతిచోటా దిగి, డబ్బా మీద చన్నీళ్లు పోసుకుంటూ కోపెన్‌హాగెన్ చేర్చాడంటారు. తర్వాత ఆ కంపెనీ ప్రయోగశాలలోనే ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో ఒకే ఒక్క కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ని పెంచాడు. అప్పటిదాకా బీరు ఎందుకు చెడిపోతోందో తెలియక తలలు పట్టుకున్నవాళ్లు, లోపల అడవి ఈస్ట్‌లు కలిసిపోవడం కూడా ఒక కారణమని తెలుసుకున్నారు. ఆ ఈస్ట్ మీద జాకబ్సన్ హక్కు పెట్టుకోలేదు. అడిగినవాళ్లకి ఊరికే పంచాడు. ఇదే నాకు ఆ కథలో అన్నిటికన్నా పెద్ద విషయం. 2013లో ఆ కంపెనీ పాత నేలమాళిగలో 1883 కాలపు సీసా ఒకటి దొరికితే, దాని అడుగునుంచి ఇంకా బతికున్న కణాలు తీసి, 2016లో వాటితో మళ్లీ బీరు చేశారు. నూట ముప్పై ఏళ్లు చీకట్లో, ఆకలితో! పాఠ్యపుస్తకంలో ఈ ఒక్క వాక్యం ఉంటే పిల్లలు ఆ పాఠం మర్చిపోయేవాళ్లా?

ఊరికి తిరిగొచ్చాక చేతులు ఊరుకోలేదు. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం మన రాష్ట్రంలో 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. నాకా అవసరమూ లేదు. నాకు కావలసింది బన్ను పిండి పొంగించే ఈస్ట్. ఫిబ్రవరి చివర తాళ్లు గీస్తున్నారు. పొలం గట్టు మీద గీత కార్మికుణ్ణి లొట్టి అడుగు మడ్డి ఇమ్మన్నాను. "కల్లు వదిలేసి మడ్డేంటి టీచరమ్మా?" అన్నాడు. తర్వాత తనే చెప్పాడు, లొట్టిని మరీ తోమేస్తే కల్లు నురగెత్తదని, పులియని నీరా కావాలంటే లోపల సున్నం పూస్తామని. సున్నం ఎందుకు పూస్తారో నేను ముప్పై ఏళ్లు పుస్తకంలోంచి చెప్పాను. ఆయన చేత్తో చెప్పాడు.

మొదటిసారి చెడగొట్టాను. మాల్ట్ దొరక్క, మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండిని వేలు పెట్టలేనంత వేడి నీళ్లలో గంటసేపు ఉంచి, వడగట్టి, మరిగించి వాడాను. అది బాగానే వచ్చింది. తప్పు చేసింది మూత దగ్గర. సీసా బిగించేసి మార్చి ఎండకి కిటికీ పక్కన పెట్టాను. మర్నాడు మూత ఎగిరి వంటింటి గోడంతా చిమ్మింది. మిగిలినది నాలుగు రోజుల్లో వినెగర్ అయింది. కల్లులో ఈస్ట్ ఒక్కటే ఉండదు, పులుపు పుట్టించే బాక్టీరియా కూడా కాపురం ఉంటుంది. ఎండ దానికి ఊతమిచ్చింది.

రెండోసారి మడ్డిలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి కుదిపి, పది నిమిషాలు ఆగాను. బరువైన చెత్త అడుక్కి దిగింది. మధ్యలో పాలలా ఉన్న నీళ్లని వేరే జాడీలోకి వంచి ఫ్రిజ్‌లో పెట్టాను. పైన తేరిన నీళ్లు తీసేసి మళ్లీ అదే పని. తర్వాత రాగుల నీళ్లు కొంచెం కొంచెంగా. జాడీని తడి గోనెపట్టా చుట్టిన కుండలో పెట్టాను, మూత వదులుగానే. ఐదో రోజుకి పాలమీగడ రంగు పొర వేలు మందం దిగింది. పావుకిలో మైదాకి రెండు గరిటెలు కలిపాను. బజారు ఈస్ట్‌తో గంటలో పొంగే పిండి దీనితో ఐదు గంటలు తీసుకుంది. కానీ పొంగింది. తెంపిన బన్నులోంచి, ఎండలో తాటిముంజలు కోసేవాళ్ల బుట్ట దగ్గర వచ్చే వాసన లాంటిది వచ్చింది.

ఎదురింటి కోడలు రుచి చూసి, "పిన్నిగారూ, నాకూ కాస్త ఇవ్వరూ" అంది. హార్లిక్స్ సీసాలో సగం పోసి ఇచ్చాను. వారానికోసారి రాగుల నీళ్లు ఎలా మార్చాలో చూపించాను.

మే నెలలో మా అమ్మాయి పురుటికి హైదరాబాద్ వెళ్లి నెలన్నర ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉంది. ఫ్రిజ్ కడిగి తుడిచి ఉంది. నా జాడీ తళతళ మెరుస్తూ స్టాండు మీద బోర్లించి ఉంది. పనమ్మాయి మొహంలో, చెడిపోయినదేదో తీసి పారేసి మంచి పని చేశానన్న తృప్తి. దాన్నేమీ అనలేదు.

జాడీ తీసుకుని రోడ్డు దాటి ఎదురింటికి వెళ్లాను.