గొర్రె కంటికి గాయమైనప్పుడు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో వాన తక్కువ, కంప ఎక్కువ. అందువల్ల సర్కారు తుమ్మ, రేగు పొదల్లో తలదూర్చి మేసే గొర్రెలకూ, ఆకుల కోసం కొమ్మల్లోకి మెడ సాచే మేకలకూ కంట్లో ముల్లు గీరుకోవడం కాపరులకు తెలిసిన కష్టమే. ఎండిన గడ్డి మొనలూ, మేతగా వేసే వేరుశనగ కట్టెలోని దుమ్మూ కంటికి అదే చేటు చేస్తాయి.

కనుపాపను కప్పి ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దానిలో రక్తనాళాలు లేకపోయినా నాడుల కొసలు దట్టంగా ఉంటాయి కాబట్టి, చిన్న గీతకే జీవం కన్ను మూసుకుని, చెంప మీదుగా నీరు కార్చుకుంటూ, వెలుతురుకు ముఖం తిప్పుకుంటుంది. పైపొర మాత్రమే చెదిరి, క్రిములు చేరకుంటే గాయం కొద్ది రోజుల్లో మానుతుంది. లోతుకు దిగితే పుండై, మానాక కూడా తెల్లని మచ్చను మిగులుస్తుంది. పల్లెల్లో పువ్వు పడిందనేది ఈ మచ్చనే.

మైకోప్లాస్మా, క్లామిడియా అనే సూక్ష్మజీవుల వల్ల వచ్చే కంటిజబ్బులోనూ ఇవే లక్షణాలు కనిపిస్తాయి. అయితే ముల్లు సాధారణంగా ఒక జీవంలో ఒక కంటినే గాయపరుస్తుంది. జబ్బు మాత్రం ఈగల ద్వారా, ఒకదానినొకటి రాసుకోవడం ద్వారా మందలో పాకుతుంది కనుక, సోకినవాటిని వేరుగా కట్టాలి.

గాయం కనబడగానే లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు వేసి, మరిగించి చల్లార్చి, ఆ నీటిని కంట్లో మెల్లగా ధారగా పోసి, జీవాన్ని నీడన ఉంచాలి. పైపైన ఉన్న నలుసు ఆ నీటితోనే కొట్టుకుపోతుంది; గుడ్డులో దిగిన ముల్లును పీకితే లోపలి ద్రవం కారిపోయే ప్రమాదం ఉన్నందున దానిని వైద్యునికే వదలాలి. ఆకుపసరు, పొగాకు రసం పుండును మరింత రేపుతాయి. ఇంట్లో మిగిలిన మనుషుల కంటిచుక్కలూ పనికిరావు; వాటిలో స్టెరాయిడ్, అంటే వాపును అణచే మందు ఉంటే, పుండు మానకుండా అడ్డుపడి క్రిములకు బలమిస్తుంది. అందుకే పశువైద్యులు ముందుగా ఫ్లోరెసీన్ అనే రంగుచుక్క వేసి, పైపొర పోయినచోట అది ఆకుపచ్చగా మెరుస్తుందేమో చూసి, తగిన మందు నిర్ణయిస్తారు. ఆసుపత్రి దూరమైతే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవవచ్చు.

బాధను దాచుకోవడం గొర్రె స్వభావం కాబట్టి, సాయంత్రం దొడ్డికి తోలేటప్పుడు తలలు లెక్కపెట్టే కాపరి ప్రతి జీవం కళ్లను కూడా పరికించడం అవసరం. ఎంత మంచి మందైనా ఆ చూపు తర్వాతే పనిచేయగలదు.