ముందు కాపీ, తర్వాతే సోల్డరింగ్

ప్రోగ్రెస్ సేవ్ చేసుకునే గేమ్‌బాయ్ కార్ట్రిడ్జుల్లో చాలావాటిని విప్పితే, చిప్పుల పక్కన గుండ్రటి సెల్లు ఒకటి కనిపిస్తుంది. ఆట చిప్పులోనే ఉంటుంది, దానికి కరెంటు అక్కర్లేదు. మనం ఆడి దాచుకున్నది మాత్రం ఆ సెల్లు దయ మీదే బతుకుతుంది. 1999లో వచ్చిన పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లలో అదే సెల్లు గడియారాన్ని కూడా నడపాలి. అందుకే అవి అంతకుముందు వాటికన్నా తొందరగా చేతులెత్తేస్తున్నాయి.

సెల్లు మార్చడం పెద్ద పనేం కాదు. కాకపోతే పాతది పీకగానే దాచుకున్న ఆట పోతుంది, కాబట్టి ముందు కాపీ తీయాలి. కార్ట్రిడ్జ్ కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన ఇయర్‌బడ్‌తో తుడుస్తాను. (నోటితో ఊదే అలవాటు మానండి, ఆ తడికే అవి చెడేది.) రీడర్‌లో పెట్టి రెండుసార్లు కాపీ తీసి, రెండూ పొల్లుపోకుండా ఒకటేనా అని చూస్తాను. తేడా వస్తే మళ్లీ తుడవడమే. కొత్తది రేకులు అతికించి వచ్చే సెల్లే కొనాలి. ఉత్త సెల్లు మీద సోల్డరింగ్ ఐరన్ పెడితే పేలొచ్చు.

కాపీకి లొంగనివీ ఉన్నాయి. హిదియో కొజిమా నిర్మించిన బొక్టాయ్ అనే ఆట 2003లో వచ్చింది. దాని కార్ట్రిడ్జ్‌లోనే ఎండను పసిగట్టే సెన్సర్ ఉంది. రక్తపిశాచుల పని పట్టాలంటే ఆడేవాడు ఆరుబయటికి రావాలి. పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్‌లో అయితే మీట నొక్కి ఎండ పెంచుకోవచ్చు. ఆట నడుస్తుంది, కానీ డాబా ఎక్కే పని తప్పిపోతుంది. సరదా అంతా అందులోనే కదా!

ఇక న్యాయం సంగతి. చట్టబద్ధంగా మన చేతిలో ఉన్న ప్రోగ్రామ్ పాడవుతుందనే జాగ్రత్తతో బ్యాకప్ తీసుకోవడానికి మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వీలుంది. ఇప్పటికీ అమ్ముతున్న ఆటను ఊరికే దింపుకోవడం నాకు నచ్చదు. మరి ఎవరూ అమ్మనివి? 3డీఎస్ అనే గేమ్ యంత్రం ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకాలు 2023 మార్చి 27న ఆగిపోయాయి. డబ్బు పట్టుకుని నిలబడ్డా ఇచ్చే నాథుడు లేడు. పరిశోధకులు ఇంటి నుంచే పాత ఆటలు చూసేలా లైబ్రరీలకు మినహాయింపు ఇవ్వమంటే, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ ఆఫీసు కుదరదంది. అలాంటప్పుడు ఎవరో దాచిపెట్టిన కాపీని దొంగసొత్తు అనడానికి నాకు నోరు రాదు. చట్టం అంటుంది, అది వేరే సంగతి.

అవే కాపీలను మెమరీ కార్డులో వేలకొద్దీ కుక్కి, చౌక యంత్రంతో కలిపి అమ్ముకునేవాళ్లు కూడా తాము పాత ఆటలను కాపాడుతున్నామంటే మాత్రం ఒప్పుకోను. ఆ డబ్బులో పైసా కూడా ఆట చేసినవాళ్లకు చేరదు.